సగం విన్న పాఠం

“ఆ కడ్డీ గట్టిగా పట్టుకో బాబూ. ఒకటి... రెండు... మూడు!”

పెద్దాయా ఏడో నంబరు మంచం మీది లారీ డ్రైవరును ఒక్కతే తన వైపుకు దొర్లించింది. నూట పది కిలోల మనిషి. ఆపరేషనై నాలుగు రోజులే అయింది గనుక తనంతట తాను తిరగకూడదు. ఇద్దరు పట్టి ఒంటినంతా దుంగలా ఒకేసారి తిప్పాలని మంచం తల దగ్గర గోడకు అంటించిన కాగితం చెబుతోంది. కాగితానికేం, ఎన్నయినా చెబుతుంది. రెండో మనిషిని మాత్రం పంపదు.

“నీ నడుం ఇనుమా పెద్దాయా?” అన్నాడు డ్రైవరు పళ్ళ బిగువున.

“ఇనుమైతే ఈపాటికి తుప్పు పట్టేది గదయ్యా. ఉత్త ఎముకే. కదలకు.”

తడిసిన దుప్పటి లాగి పొడిది పరిచి, అతన్ని మళ్ళీ వెల్లకిలా చేసేసరికి ఆమె వీపు కింద ఎవరో మేకు దిగగొట్టినట్టయింది. తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే నడుం మీద చెయ్యి వేసుకుంది. అలా ముందు తలుపు వైపు చూడడం ఆ ఆసుపత్రిలో ఆయాలందరికీ అలవాటు. నడుం పట్టుకుని నిలబడ్డదాని పేరు సూపర్‌వైజరు చీటీలోకి ఎక్కుతుంది. రెండుసార్లు ఎక్కితే మూడోసారి పేరే ఉండదు.

అది నడుము వార్డు. ఇరవై నాలుగు మంచాలు. తాపీమేస్త్రీ, దర్జీ, మూటలు మోసేవాడు, రోజంతా కుర్చీకి అతుక్కుపోయే గుమాస్తా, అందరివీ నడుములే. నడుములు పడిపోయినవాళ్ళను ఎత్తడానికి నడుములున్నవాళ్ళు కావాలి గదా! ఆ ఎత్తేవాళ్ళ నడుముల సంగతి అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకూ పుట్టలేదు. కాంట్రాక్టరు రాకముందు పూటకు నలుగురు ఆయాలుండేవారు. వచ్చాక ఇద్దరయ్యారు. జీతం నెలకు తొమ్మిది వేలు, మానిన రోజుకు రెండు రోజుల కోత.

ఆ ఇద్దరూ తోటికోడళ్ళే. పెద్దకోడలు పెద్దాయా, చిన్నకోడలు చిన్నాయా. సొంత పేర్లు వాళ్ళ మొగుళ్ళకైనా గుర్తున్నాయో లేదో. అన్నదమ్ములిద్దరికీ పని దొరికిన రోజు దొరికినట్టు, లేని రోజు లేనట్టు. రెండు గదుల ఇంట్లో తొమ్మిది నోళ్ళు ఈ ఇద్దరి రెక్కల మీదే ఆడుతున్నాయి. తోటికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్ళు మాత్రం తిట్టుకున్నా కొట్టుకున్నా చివరికి ఒకే కంచంలో చెయ్యి పెట్టే రకం.

ఆ రోజు మోత పరీక్ష. చిన్నాయా మాసిన బట్టల మూట చాకిరేవు గదిలో పడేసి, అటునుంచి అటే కింద పెరట్లోకి వెళ్ళి వరసలో నిలబడింది. తమ జత మూడోది. పిలిచే వేళకు పెద్దాయా దిగి వెళ్ళాలి.

మోత పరీక్ష అంటే ఆరు నెలలకోసారి వచ్చే గండం. మనిషి ఆకారంలో కుట్టిన ఇసుక సంచీ ఒకటుంది. బరువు ఎనభై కిలోలు. దాన్ని దుప్పటిలో వేసి, ఇద్దరు ఆయాలు చెరో చివరా పట్టి, నేల మీంచి ట్రాలీ మీదికి మూడుసార్లు ఎత్తాలి. ఎత్తిన జత మరో ఆరు నెలలు బతికినట్టు. ఎత్తలేకపోతే ఒకరు కాదు, జతకు జతే పోతుంది. పని చెయ్యదు, ఉలకదు పలకదు, కాళ్ళు చాపుకుని పడుకుంటే ఇద్దరు ఆడవాళ్ళు మొయ్యాలి గనుక ఆ సంచీకి ఆయాలు అల్లుడుగారు అని పేరు పెట్టుకున్నారు. నవ్వుకోవడానికి డబ్బక్కర్లేదు గదా, అందుకని నవ్వుకుంటారు.

జతకు జత పోతుందన్న ఆ నిబంధన ఉంది చూశారూ, అది పెట్టినవాడు తెలివైనవాడు. నొప్పి వచ్చినదాన్ని కనిపెట్టడానికి వేరే కాపలా అక్కర్లేదు. దాచడానికే జతలోది కాపలా కాస్తుంది.

పెద్దాయా అయిదు వారాలుగా చేస్తున్నది అదే.

అయిదు వారాల కిందట స్నానాల గదిలో ఒక ముసలావిడ జారి పడబోతే చిన్నాయా ఒక్కతే చంకల కింద చేతులు వేసి, మెలితిరిగి లేపింది. ముసలావిడ లేచింది. చిన్నాయా నడుం కటుక్కుమంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఏడ్చేసింది.

“డాక్టరుకి చూపించుకోనా అక్కా?”

“ఇక్కడ చూపించుకున్నావంటే చీటీ గడియారం చేతికి పోతుంది. బయట చూపించుకోవాలంటే ఫొటోలే నాలుగు వేలు. నోర్మూసుకుని నేను చెప్పింది విను. దీనికి మందు కసరత్తమ్మ చెప్పనే చెప్పింది. ఆరు వారాలు. ఆరు వారాల్లో దానంతటదే పోతుంది.”

గడియారం అంటే సూపర్‌వైజరు. పేషెంటు ప్రాణం మీదికి వచ్చినా ముందు మణికట్టు వంక చూసుకునే మనిషి. కసరత్తమ్మ అంటే రోగులకు వ్యాయామం నేర్పే అమ్మాయి. రోజూ పదింటికి వార్డు మధ్యలో నిలబడి, లేవగలిగినవాళ్ళనందరినీ కూర్చోబెట్టి పాఠం చెబుతుంది. పెద్దాయా పక్కలు దులుపుతూ, గిన్నెలు తీస్తూ మూడేళ్ళుగా ఆ పాఠం వింటోంది. ఆమెకది కంఠతా వచ్చు. నడుం నొప్పంటే నడుం విరిగిపోయినట్టు కాదు. నూటికి తొంభై మందికి కండ పట్టేసి వచ్చేదే. భయపడి మంచమెక్కితే ఇంకా బిగుసుకుపోతుంది, అందుకని మెల్లగా నడుస్తూ ఉండాలి. వేడినీళ్ళ సంచీ పెట్టుకోవచ్చు. బరువెత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువును పొట్టకు ఆనించుకుని లేవాలి, నడుం తిప్పకూడదు. చాలామందికి ఆరు వారాల్లో తగ్గిపోతుంది.

సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గంట మోగేది. పదీ పదికల్లా కింది అంతస్తులో ఆ రోజు మొదటి ఆపరేషను కేసును ట్రాలీ మీదికి ఎక్కించాలి. పెద్దాయా చేతిలోది అక్కడ పడేసి పరుగెత్తేది. మూడేళ్ళలో ఆ పాఠం ఆరు వారాల దగ్గరే అయిపోతుందని ఆమె అనుకుంది. చదువుకున్నవాళ్ళు చెప్పింది విన్నానన్న ధీమా ఒకటి. పెరట్లో టీ తాగేటప్పుడు తక్కిన ఆయాలకు తనే చెప్పేది. “మంచమెక్కకండర్రా, నడవండి. ఆరు వారాలంతే!” అంటూ. వాళ్ళు ఆమెను చిన్న డాక్టరమ్మ అని ఆటపట్టించేవారు. ఆమెకది ముచ్చటగానే ఉండేది.

చిన్నాయా విషయంలో ఏ లోపమూ చెయ్యలేదు. మంచమెక్కనివ్వలేదు. పొద్దున్నా సాయంత్రం వేడినీళ్ళ సంచీ పెట్టింది. ఎత్తుడు వచ్చినప్పుడల్లా తల వైపు, అంటే బరువు వైపు, తనే పట్టింది. మూడో వారంలో నొప్పి ఎడమ కాలిలోకి దిగింది. “దిగుతోందంటే పోతోందన్నమాటే” అంది పెద్దాయా. అయిదో వారంలో కుడికాలు కూడా లాగింది. “ఇంకొక్క వారం ఓర్చుకో తల్లీ” అంది.

ఆ పొద్దున పంపు దగ్గర బక్కెట్లు కడుగుతూ చిన్నాయా మొహం వెలిగిపోయింది.

“అక్కా, నీ నోట్లో పంచదార పొయ్యాలి. నొప్పి పోయింది! నిన్న రాత్రి నుంచీ లేదు. కూర్చుంటే బల్ల మీద కూర్చున్నానో గాలిలో కూర్చున్నానో కూడా తెలియట్లేదు.”

“చెప్పానా!”

“ఇంకోటి చెప్తాను, నవ్వకూడదు.” చిన్నాయా గొంతు తగ్గించింది. “పొద్దున లేచేసరికి పక్క తడిసిపోయింది. నాకే తెలియలేదు. మా చిన్నోడు పోశాడనుకుని వాణ్ణి రెండంటించాను. తీరా చూస్తే నేనే!”

“రెండు కాన్పులైనదానివి. ఆ మాత్రం జారుతుందిలే.”

ఇద్దరూ పంపు పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. అక్కడినుంచి నడిచేటప్పుడు చిన్నాయా కుడి చెప్పు రెండుసార్లు జారిపోయింది. కాలికి వదులైందనుకున్నారు.

ఇప్పుడు వార్డులో కసరత్తమ్మ పాఠం మొదలెట్టింది. పెద్దాయా డ్రైవరు కాళ్ళ కింద దిండు సర్దుతోంది. ఆరు వారాల మాట వచ్చింది. అలవాటుగా ఆమె చేతులు ఆగి, చెవులు గంట కోసం ఎదురుచూశాయి. గంట మోగలేదు. ఎప్పుడూ మధ్యాహ్నం జరిగే మోత పరీక్షను ఈసారి పొద్దున్నే పెట్టారు గనుక కింద కేసును ఆలస్యంగా పెట్టుకున్నారు.

“ఇప్పుడు చెప్పేది అంతకన్నా ముఖ్యం” అంది కసరత్తమ్మ. “ఆ ఆరు వారాల లెక్క అందరికీ కాదు. నొప్పి రెండు కాళ్ళలోకీ దిగినా, పాదం బలం తప్పి ఈడుస్తున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, ఒంటేలు తెలియకుండా పడిపోయినా, ఇక ఒక్క గంట ఆగకూడదు. నొప్పి తగ్గిందని సంబరపడకండి. నరం నలిగిపోతుంటే నొప్పి కూడా తెలియదు. వెంటనే ఆపరేషను చేస్తే కాళ్ళు దక్కుతాయి. ఆలస్యమైతే ఆ తర్వాత ఎవరొచ్చినా చేసేదేమీ ఉండదు. ఇలాంటివాళ్ళు బరువు మాత్రం అసలు ఎత్తకూడదు.”

దిండు పెద్దాయా చేతిలోంచి జారి కింద పడింది.

“ఏమైంది పెద్దాయా?” అన్నాడు డ్రైవరు.

ఆమె దిండును దాటేసింది. కసరత్తమ్మ దగ్గరికి నడిచింది. మూడేళ్ళలో ఎప్పుడూ ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి ఎరగదు.

“అమ్మా... ఇదంతా రోజూ చెప్తారా మీరు?”

“రోజూ చెప్తాను. ఏం?”

“నిన్న రాత్రి మొద్దుబారితే? ఇవాళ చూపిస్తే సరిపోతుందా అమ్మా?”

“ఎవరికి?” కసరత్తమ్మ మొహం మారిపోయింది. “ఎవరైనా సరే, ఇప్పుడే తీసుకురండి. సర్జను గారు ఇంకా థియేటర్లోకి వెళ్ళలేదు. నేను వెళ్ళి ఆపుతాను. నడిపించకండి, పడుకోబెట్టి తీసుకురండి.”

పెద్దాయా మెట్ల మీద పరుగెత్తింది. మూడు అంతస్తులు. యాభై రెండేళ్ళ ఒళ్ళు. నేనే చేశాను, నేనే చేశాను అని ప్రతి మెట్టూ చెబుతోంది. అసలేమీ విననిదాన్నయితే భయపడి ఏ డాక్టరు కాళ్ళమీదో పడేసేదాన్ని గదా! సగం పాఠం నేర్చుకుని దాని కాళ్ళు తీసేశాను గదా భగవంతుడా, అని లోపల ఏడ్చుకుంది.

పెరట్లో ఎండ. పద్దెనిమిది మంది ఆయాలు గోడవారన జతలుగా నిలబడ్డారు. రెండో జత అల్లుడుగారిని మూడోసారి ట్రాలీ మీదికి ఎక్కించి, మళ్ళీ నేల మీదికి దింపి, వగరుస్తూ పక్కకు తప్పుకుంది. గడియారం కుర్చీలో కూర్చుని జాబితాలో టిక్కు పెట్టాడు.

చిన్నాయా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆనుకోకపోతే నిలబడలేదన్నది పెద్దాయాకు ఇప్పుడు కనబడింది. ఇన్నాళ్ళూ ఈ కళ్ళే కదా మొహానికి ఉన్నవి!

“పదవే. పైకి పద. నీకొచ్చింది మామూలు నొప్పి కాదంట. కాళ్ళు పోతాయంట. ఇప్పుడే కోసి సరిచెయ్యాలంట.”

చిన్నాయా బిత్తరపోయి, వెంటనే పెదవి బిగించింది. “ఎవరన్నారు?”

“కసరత్తమ్మ. నేను రోజూ సగమే విన్నానే. మిగతా సగం ఇవాళ విన్నాను.”

“మూడు ఎత్తులే గదక్కా” అంది చిన్నాయా ఆమె మణికట్టు పట్టుకుని. “అయిదు నిమిషాలు. ఎత్తేసి నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఆపరేషనంటే ఇంట్లో పడుకోవాలి. పడుకుంటే నా పేరుండదు, నా మూలంగా నీ పేరూ ఉండదు. ముందు టిక్కు పడనీ.”

అయిదు వారాల కిందట తను చెప్పిన లెక్కే. అదే లెక్క ఇప్పుడు చిన్నదాని నోట పెద్దాయా చెవికి తిరిగి వచ్చింది. ఒక్క క్షణం ఆశ కూడా పడింది, అబద్ధమెందుకు. మూడు ఎత్తులు. తల వైపు తను పడితే బరువంతా తన మీదే. తొమ్మిది నోళ్ళు.

“మూడో జత!” అన్నాడు గడియారం. “కబుర్లు ఇంటికెళ్ళాక చెప్పుకోండి.”

చిన్నాయా గోడ వదిలి నడిచింది. కుడిపాదం నేలను రాసుకుంటూ వచ్చింది. దుప్పటి కాళ్ళ వైపు చివర పట్టుకుని వంగింది. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, అక్క నేర్పినట్టే వంగింది. పెద్దాయా తల వైపు కొసలు పట్టుకుంది. మోకాళ్ళలో బలం తీసుకుంది.

తీసుకుని, వేళ్ళు విప్పేసింది.

“ఎత్తను.”

గడియారం తలెత్తాడు. “ఏం? నడుమా?”

“నా నడుం బాగానే ఉంది సార్. దీనికి బాగాలేదు. అయిదు వారాల కిందట మీ స్నానాల గదిలో పేషెంటును ఒక్కతే ఎత్తి నడుం పడగొట్టుకుంది. నేనే దాపెట్టాను. ఇప్పుడు కాళ్ళకొచ్చింది. పైన సర్జను గారు కాచుకున్నారు, ట్రాలీ కావాలి.”

“అబద్ధం సార్!” అని అరిచింది చిన్నాయా. “అక్కకు మతి పోయింది. నాకేం లేదు. కావాలంటే చూడండి, తల వైపు నేనే ఎత్తుతాను.”

అంటూనే అటు వచ్చి దుప్పటి కొసలు అందుకుంది. ఆపడానికి పెద్దాయాకు ఇంకేమీ తోచలేదు. వెళ్ళి అల్లుడుగారి పొట్ట మీద చతికిలబడింది.

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. గడియారం మాత్రం నవ్వలేదు. “లే! పరీక్ష సామాను మీద కూర్చుంటావా? పన్నెండింటికల్లా జాబితా పంపాలి. లేవకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను.”

“కొట్టేసుకోండి. నేను లేవను.”

“లే అక్కా.” చిన్నాయా దుప్పటి పట్టుకుని లాగుతోంది. “లే, నీకు దణ్ణం పెడతాను. సార్ రాసేస్తాడు. లే అక్కా!”

లాగుతుండగానే చిన్నాయా యూనిఫాం కోటు కింది భాగం నల్లగా తడిసింది. తడి కాళ్ళ మీదుగా జారి, చెప్పుల చుట్టూ సిమెంటు నేల మీద పరుచుకుంది. పద్దెనిమిది మందీ చూశారు. గడియారం చూసి, చూపు తిప్పుకున్నాడు. ఒక్క చిన్నాయాకే తెలియదు. పెద్దాయా తన మాట వింటుందన్న ఆశతో ఇంకా గట్టిగా లాగుతోంది.

ముందు కదిలింది రెండో జత. ఇందాక ఎత్తి, టిక్కు వేయించుకుని ఒడ్డున పడ్డవాళ్ళు. ఒకామె ట్రాలీ తోసుకొచ్చింది.

“అది పరీక్ష ట్రాలీ” అన్నాడు గడియారం. “వార్డు ట్రాలీకి చీటీ రాయించండి.”

“మీరే రాయించుకుని తర్వాత తెండి సార్” అందామె. ఆయనతో అలా మాట్లాడడం ఆమెకు అదే మొదలు. ట్రాలీ మాత్రం ఆపలేదు.

నలుగురు పట్టారు. భుజాలు, నడుం, తొడలు, పాదాలు, ఒకేసారి, దుంగలా. అంత తేలిగ్గా మనిషిని ఎత్తడం వాళ్ళెవ్వరూ ఎరగరు. చిన్నాయా తలను అటూ ఇటూ తిప్పుతూ ఏడుస్తూనే ఉంది.

“నా కూడు పడగొట్టావు గదే. తోడబుట్టినదానికన్నా ఎక్కువనుకున్నాను గదే. పిల్లలకేం పెట్టను? నీ మొహం చూడను పో!”

“చూడకు. తిట్టు. ఎంతైనా తిట్టు” అంది పెద్దాయా. ట్రాలీ పక్కన, చిన్నాయా కాళ్ళ వైపు నడుస్తోంది. వాలు దారి మీద చక్రాలు గడగడమంటున్నాయి. వెనకాల గడియారం ఇద్దరి పేర్లూ పైకి చదువుతూ గీత కొడుతున్నాడు. ఎవరివో పేర్లలా వినిపించాయి.

చెప్పు లేని కుడిపాదం దుప్పటిలోంచి బయటికి వచ్చి ఉంది. పెద్దాయా దాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది. చిటికెనవేలి పక్క కండను రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది. గోరు దిగేదాకా నొక్కింది.

“తెలుస్తోందా?” అని అడిగింది.

చిన్నాయా ఏడుపు ఆపి, కోపంగా ఆమె వైపు చూసింది.

“ఏది?”